పళ్ళెంలోకి బంతిపువ్వు

దసరా నవరాత్రులు సమీపించగానే హైదరాబాదులోని గుడిమల్కాపూర్ మార్కెట్టులోనూ, గోదావరి చెంతనున్న కడియపులంకలోనూ, కోల్‌కతాలో హౌరా వంతెన పక్కనున్న మల్లిక్ ఘాట్‌లోనూ, ముంబయి దాదర్‌లోనూ తెల్లవారేసరికి నేల పసుపువన్నెకు తిరుగుతుంది. గోనెసంచులలోనూ వెదురుబుట్టలలోనూ వచ్చి దిగే ఆ పువ్వు బంతి. తెలంగాణ బతుకమ్మలో తంగేడు, గునుగు పూలతో పాటు దానికొక వరుస ఉంటుంది. గుమ్మానికి కట్టే మామిడాకుల తోరణంలో దానికొక చోటు ఉంటుంది. పెళ్ళిపందిరి, దుకాణపు గల్లాపెట్టె, కొత్తగా కొన్న మోటారుబండి, చివరి ప్రయాణపు పాడె – అన్నింటికీ ఆ పువ్వే. ఇన్ని చేతులలో నలిగే ఈ పువ్వును నోట వేసుకొని రుచి చూసిన పాపాన పోయినవారు మాత్రం మన ఇళ్ళలో అరుదు.

ఇందులో ఒక విచిత్రమున్నది. బంతి మన దేశపు పువ్వు కాదు. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. 16వ శతాబ్దంలో ఐరోపా నావికులు ఆ ఖండంలో అడుగుపెట్టిన తరువాతనే అది సముద్రాలు దాటి తూర్పుదేశాలకు చేరింది. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి, సీతాఫలం – ఇవన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. తోడి ప్రయాణికులన్నీ వంటింటి దారి పట్టగా బంతి ఒక్కటే పూజగది దారి పట్టింది. మిరపకాయ లేని ఆంధ్రుల భోజనాన్ని ఈనాడు ఊహించలేము. బంతిపువ్వు లేని పండుగనూ ఊహించలేము. అయితే మొదటిది నాలుకకు దక్కింది, రెండవది కంటికి దక్కింది.

పరాయిదన్న గుర్తు కూడ మిగలనంతగా ఇది మనలో కలిసిపోయింది. తెలుగులో బంతి అన్న మాట ఆటవస్తువుకూ పువ్వుకూ ఒక్కటే. హిందీలో గేంద్ అంటే ఆడుకొనే బంతి, గేందా అంటే ఈ పువ్వు. కన్నడంలో చెండు అన్నా అంతే. గుండ్రని రూపాన్ని చూసి ఎవరికి వారు తమ భాషలో పేరు పెట్టుకొన్నారు. తమిళంలో మాత్రం ‘తులుక్క సామంది’ అన్న పేరు నిలిచి, ఇది ఎక్కడినుంచో వచ్చిన చేమంతి సుమా అని గుర్తుచేస్తూ ఉంటుంది. ఇంగ్లీషువారు దీనిని ‘ఆఫ్రికన్ మారిగోల్డ్’ అనడం మరీ వింత. ఆఫ్రికాకు దీనితో పుట్టుక సంబంధం ఏమీ లేదు.

పుట్టినింట దీని పేరు సెంపోఅల్‌షోచిట్ల్. ఆజ్‌టెక్కుల నహువాటల్ భాషలో ఆ మాటకు ‘ఇరవై పువ్వు’ అని అర్థం. ఒక్క తలలో లెక్కకు మించిన రేకలున్నవన్న భావం కావచ్చు. 1552లో మార్టిన్ దె లా క్రూజ్ అనే ఆజ్‌టెక్ వైద్యుడు రచించగా హువాన్ బదియానో లాటిన్‌లోకి మార్చిన మూలికాగ్రంథంలో బంతి జాతి మొక్కలకు స్థానమున్నది. పిడుగుపాటుకు గురైనవారికీ, నదిని క్షేమంగా దాటగోరేవారికీ కూడ వాటిని సూచించారట. ఇప్పటికీ మెక్సికోలో నవంబరు 1, 2 తేదీలలో పితృదేవతల పండుగనాడు సమాధులనూ ఇంటి పీఠాలనూ ఈ పువ్వుతోనే అలంకరిస్తారు. మన దీపావళి కూడ ఇంచుమించు ఆ రోజులలోనే వస్తుంది. బంతి పగటిపొద్దు కురచబడే కొద్దీ విరివిగా పూసే మొక్క కనుక, భూగోళానికి చెరొకవైపున ఉన్న రెండు జాతుల పండుగలకు ఒకే పువ్వు అందిరావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇంతకూ బంతిని తినేవారు ఎక్కడైనా ఉన్నారా? ఉన్నారు. కాకసస్ పర్వతాల చెంతనున్న జార్జియా దేశంలో చిన్నబంతి రేకలను ఎండబెట్టి, పొడి చేసి, ధనియాలు, మెంతి జాతికి చెందిన ఒక స్థానిక దినుసు, వెల్లుల్లితో కలిపి వంటలలో వేస్తారు. అక్రోటు గింజల ముద్దతో చేసే సాత్సివి అనే కోడిమాంసపు వంటకానికి ఆ పొడి వన్నె తెస్తుంది. దానిని అక్కడివారు ‘ఇమెరెతీ కుంకుమపువ్వు’ అంటారు. ఇమెరెతీ ఆ దేశంలోని ఒక సీమ. దక్షిణ అమెరికాలోని పెరూలో వకటాయ్ అనే మరొక బంతి జాతి ఆకును నూరి, బంగాళాదుంపలతో తినే పచ్చడిలో కలుపుతారు. మన హిమాచల్ ప్రదేశ్ కొండలలో అడవిబంతి అన్న పేరిట పెరిగి, అత్తరు పరిశ్రమకు తైలమిచ్చేది కూడ ఆ మొక్కే. మెక్సికోలో పెరికోన్ అనే ఇంకొక జాతి ఆకుకు సోపువంటి వాసన ఉంటుంది. లేత మొక్కజొన్న కంకులు ఉడికించే నీటిలో ఆ రెమ్మలు వేస్తారు.

కాబట్టి పువ్వు తినడమన్న ఊహ విడ్డూరం కాదు. ఆ మాటకు వస్తే మన వంటిళ్ళకు అది కొత్తా కాదు. ఉగాదిపచ్చడిలో వేపపువ్వు, పప్పులోకి అవిసెపువ్వు, పెసరపప్పుతో మునగపువ్వు, ఆవపెట్టిన అరటిపువ్వు, బెంగాలీల ఇంట శనగపిండిలో ముంచి వేయించే గుమ్మడిపువ్వు, ఉత్తరాఖండ్ కొండలలో బురాన్ష్ పూల షర్బతు – ఇవన్నీ పువ్వులే. పోపులపెట్టెలోని లవంగం కూడ విచ్చుకోని మొగ్గే గదా! బంతి ఆ పంక్తిలో చేరలేకపోవడానికి ఘాటైన దాని వాసన ఒక కారణం కావచ్చు. పశువు కూడ దాని ఆకును అంతగా ముట్టదు.

అయితే తినదలచినవారు ముందుగా విడదీయవలసిన చిక్కు ఒకటున్నది. అది పేరుకు సంబంధించినది. ఇంగ్లీషు వంటపుస్తకాలలో ‘మారిగోల్డ్ రేకలు చల్లండి’ అని కనిపిస్తే, ఆ రచయిత ఉద్దేశించినది చాలాచోట్ల మన బంతి కాదు. అది కాలెండ్యులా. మధ్యధరా తీరపు మొక్క, కుటుంబం ఒకటే గాని జాతి వేరు. ఐరోపావారు తరతరాలుగా చారులోనూ, వెన్నకూ జున్నుకూ రంగు పట్టించడానికీ వాడినది దానినే. రెంటినీ గుర్తుపట్టడం కష్టం కాదు. బంతి ఆకు ఈకవలె చీలి ఉంటుంది. నలిపితే వాసన గుప్పుమంటుంది. విత్తనం నల్లని సూదివలె సన్నగా నిటారుగా ఉంటుంది. కాలెండ్యులా ఆకు చీలదు, నాలుకవలె పొడుగ్గా ఉండి కొద్దిగా జిగటగా తగులుతుంది. విత్తనం వంకర తిరిగి, ముడుచుకొన్న గొంగళిపురుగును తలపిస్తుంది. కాలెండ్యులా రుచి సౌమ్యం, బంతి రుచి ఘాటు. ఒకదానికి చెప్పిన కొలత మరొకదానికి వేస్తే వంట పాడవుతుంది.

ఈ రెండూ కలిసిపోయినా పాడయ్యేది వంట మాత్రమే. ‘మార్ష్ మారిగోల్డ్’ అని మూడవది ఒకటున్నది. హిమాలయాలలో చిత్తడినేలలలో పెరిగే ఈ మొక్క బంతికి చుట్టమే కాదు. పచ్చిగా తింటే నోటినీ కడుపునూ పుండు చేసే విషగుణం దానిది. మారిగోల్డ్ అన్న ఇంగ్లీషు మాట వినబడినంత మాత్రాన తినదగినదని భ్రమపడరాదు. మొక్కను కళ్ళతో చూసి పోల్చుకోవాలి.

ఇక మన బంతిలోనూ రకాలున్నవి. పిడికెడంత తలతో, నడుము ఎత్తున పెరిగేది పెద్దబంతి. దండలకు అంగడిలో అమ్మే ముద్దబంతి సాధారణంగా ఇదే. మోకాలెత్తున గుబురుగా పెరిగి, ఎరుపూ గోధుమరంగూ కలిసిన చిన్నపూలు పూసేది చిన్నబంతి. జార్జియావారు పొడి కొట్టేది దానినే. మూడవది మన పెరళ్ళలో అంతగా కనిపించని సిగ్నెట్ బంతి. ఆకు సోపుకూర ఆకువలె సన్నన, పువ్వు పావలా కాసంత, రేకలు అయిదే. నోట వేసుకొంటే నిమ్మతొక్క, నారింజతొక్క జ్ఞప్తికి వస్తాయి. ‘లెమన్ జెమ్’, ‘టాంజెరిన్ జెమ్’ అనే పేర్లతో దీని విత్తనం దొరుకుతుంది. తినడానికే పెంచేవారికి ఇదే మొదటి ఎన్నిక. రెండవ స్థానం చిన్నబంతిది. పెద్దబంతి రంగుకు బాగుంటుంది గాని రుచికి అంతగా కొరగాదు. కొందరికి అది మందు వాసన వేస్తుంది కూడ.

ఇక్కడ అసలు మాట చెప్పవలసి ఉన్నది. అంగడిలో కొన్న బంతిని తినరాదు. గుడిలో ఇచ్చినదైనా, పెళ్ళిదండ నుంచి తెంపినదైనా, మేడ మెట్ల మీద పెట్టిన అలంకరణలోనిదైనా సరే. దండల కోసం పండించే పువ్వుకు ఒక్కటే పరీక్ష – అది మచ్చ లేకుండా, నిండుగా, మూడురోజులు వాడకుండా ఉండాలి. తామరపురుగులూ, మొగ్గను తొలిచే పురుగులూ, ఎర్రనల్లీ దానిని పాడుచేయకుండా రైతు మందు కొడతాడు. ఆ పువ్వును ఎవరైనా తింటారని అతడు ఎందుకు అనుకోవాలి? వంకాయకైతే మందు కొట్టిన ఎన్నాళ్ళకు కోయాలన్న నియమముంటుంది. దానిని పాటించినా పాటించకపోయినా ఆ నియమం ఉన్నదన్న ఎరుకైనా ఉంటుంది. పూజకు పోయే పువ్వుకు ఆ ఎరుక కూడ అవసరం లేకపోయింది. ఇది రైతును నిందించవలసిన విషయం కాదు. ఆయన అమ్మినది పువ్వునే గాని కూరగాయను కాదు.

పైగా బంతి రేకలు దగ్గరదగ్గరగా పొరలు పొరలుగా ఉంటాయి. మందు అయినా, రోడ్డు దుమ్ము అయినా, బండి పొగ అయినా ఆ పొరల మధ్య ఇరుక్కుంటే నీళ్ళతో కడిగినంత మాత్రాన పోదు. ఈ మధ్య పెద్ద హోటళ్ళలో మిఠాయి మీదా పలావు మీదా బంతిరేకలు చల్లి వడ్డించడం కనిపిస్తున్నది. చూపులకు ముచ్చటగానే ఉంటుంది. ఆ రేకలు కూరగాయల తోటవా, పూలబజారువా అని అడగడంలో మర్యాదకు లోటేమీ రాదు. నర్సరీలో కొన్న మొక్కకూ ఇదే జాగ్రత్త. తెచ్చిననాటికే దానిపై ఉన్న పూలనూ మొగ్గలనూ తుంచివేసి, కొత్తకొమ్మలు వేసి మళ్ళీ పూసేదాకా ఓపిక పట్టాలి. అన్నిటికన్న ఉత్తమం విత్తు నుంచి పెంచుకోవడం.

బంతిని పెంచడం పసిపిల్లలకు కూడ సాధ్యమే. ఎండిన తోరణాన్ని నలిపి కుండీలో చల్లితే మొలిచిన బంతి ఎన్ని ఇళ్ళలో లేదు! విత్తనం నాలుగు నుంచి ఏడు రోజులలో మొలుస్తుంది. దసరా, దీపావళి పూతకు జూన్, జూలై నెలలలోనూ, శీతకాలపు పూతకు సెప్టెంబరు, అక్టోబరులోనూ నారు పోసుకోవచ్చు. వానకాలపు నారుమడిలో నీరు నిలిస్తే మొలకలు మొదలు కుళ్ళి పడిపోతాయి కనుక మడిని కొంచెం ఎత్తు చేయడం మేలు. నాలుగైదు ఆకులు తొడిగి, మూడు నాలుగు వారాల వయసు రాగానే నాటాలి. పెద్దబంతికి మొక్కకూ మొక్కకూ నడుమ 40 సెంటీమీటర్లు, చిన్నవాటికి 20 నుంచి 30 సెంటీమీటర్లు చాలు. నేలలేని పట్టణవాసులకు చిన్నబంతీ, సిగ్నెట్ బంతీ ఎనిమిది పది అంగుళాల కుండీలో హాయిగా పెరుగుతాయి.

ఎండ మాత్రం కావాలి. రోజుకు ఆరుగంటల ఎండ లేనిచోట బంతి సాగి సాగి పెరుగుతుంది గాని పూయదు. ఎరువు మీద అతిప్రేమ కూడ దానికి గిట్టదు. నత్రజని ఎక్కువైతే ఆకు గుబురై పువ్వు కరువవుతుంది. కుండీ మట్టిలో మూడోవంతు చివికిన పశువుల ఎరువూ, గుప్పెడు వేపపిండీ వేస్తే సరిపోతుంది. నాటిన నెలకు మొక్క నడితలను తుంచాలి. చాలామందికి చేతులు రాని పని ఇదే. తుంచితే పక్కకొమ్మలు నాలుగైదు వచ్చి పది పూలు పూసేచోట నలభై పూస్తుంది. తుంచకపోతే ఒంటికొమ్మ మీద నాలుగు పూలు పూసి తల వాలుస్తుంది. వేసవిలో ఎర్రనల్లి పట్టి ఆకు బూడిదవన్నెకు మారితే ఆకు అడుగున నీళ్ళను బలంగా చిమ్మడం మొదటి చికిత్స. అది చాలకపోతే వేపనూనె పలచగా కలిపి కొట్టవచ్చు. అయితే కొట్టిన తరువాత విచ్చిన పూలను వారం రోజులు పళ్ళేనికి తేకుండా ఉండాలి. వేపచేదు తోడైన బంతిని ఎవరూ మెచ్చరు.

కూరగాయల మడి పక్కన బంతి ఉంటే పురుగు రాదని ఒక నమ్మకం వ్యాప్తిలో ఉన్నది. ఇందులో నిజమూ ఉన్నది, అతిశయోక్తీ ఉన్నది. బంతి వేళ్ళలోని ఒక గంధక సమ్మేళనం మట్టిలోని నులిపురుగులను చంపుతుందని 1958లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. అయితే మడి నిండా చిక్కగా బంతి వేసి, రెండు మూడు నెలలు పెంచి, ఆ తరువాత టమాటానో వంగనో నాటితేనే ఆ ఫలితం కనిపిస్తుంది. మూలకొకటి చొప్పున నాలుగు మొక్కలు పెడితే కాదు. రెండవది ఎరపంట పద్ధతి. బెంగళూరు చెంత హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 16 వరుసల టమాటాకు ఒక వరుస పెద్దబంతి వేయమని సిఫారసు చేశారు. 45 రోజుల బంతి నారూ, 25 రోజుల టమాటా నారూ ఒకేసారి నాటితే రెండూ ఏకకాలంలో పూతకు వస్తాయి. కాయతొలుచు పురుగు తల్లి టమాటాను వదిలి బంతి మీద గుడ్లు పెడుతుంది. అంటే బంతి పురుగును తరమడం లేదు, తనవైపు పిలుచుకొంటున్నది! కనుక ఎరపంటగా వేసిన బంతిని తినే బంతిగా లెక్కించరాదు. పళ్ళేనికి వేరే కుండీ ఉండాలి.

కోత విషయంలో రెండు మాటలు. మంచు ఆరిన తరువాత, ఎండ ముదరకముందు, ఆ రోజే పూర్తిగా విచ్చిన పువ్వును కోయాలి. పువ్వును బోర్లించి విదిలించి, ఉప్పునీటిలో ఐదు నిమిషాలుంచితే దాగిన చిన్నపురుగులు బయటపడతాయి. ఆ తరువాత మంచినీటిలో జాడించి గుడ్డ మీద ఆరబెట్టాలి. బంతిలో మనం ఒక్క పువ్వు అనుకొనేది నిజానికి అనేక చిన్నపూల గుంపు. ఒక్కొక్క రేకా ఒక్కొక్క పువ్వే. ఆ రేక మొదట తెల్లగా ఉండే భాగమే చేదుకు మూలం. రేకలన్నీ గుప్పిట పట్టి లాగి, ఆ తెల్లమొదళ్ళను కత్తెరతో ఒక్కసారిగా కత్తిరించివేయాలి. అడుగున ఉన్న పచ్చని గిన్నెవంటి భాగం పూర్తిగా త్యజించవలసినదే. బంతి తిని ముఖం చిట్లించినవారిలో చాలామంది ఆ తెల్లమొదలు తిన్నవారే.

ఇక వంటింటి సంగతి. బంతి కూర కాదు, మసాలా. ఈ ఒక్క విషయం మనసున పెట్టుకొంటే సగం పొరపాట్లు తప్పుతాయి. నలుగురి భోజనానికి రెండు పెద్దపూల రేకలు, లేదా పది సిగ్నెట్ పూల రేకలు చాలు. పెసరపప్పు నానబెట్టి, కీరదోస తురిమి, కొబ్బరీ నిమ్మరసమూ కలిపి చేసే కోసంబరిలో చివరగా చల్లితే దాని నిమ్మవాసన ఇమిడిపోతుంది. పెరుగుపచ్చడిలో తాలింపు చల్లారాక కలపవచ్చు. కొబ్బరి అన్నానికీ, నిమ్మకాయ పులిహోరకూ, గోధుమరవ్వ ఉప్మాకూ దింపే ముందు వేయవచ్చు. పొయ్యి మీద మరిగిస్తే వాసన ఎగిరిపోయి చేదు మాత్రం మిగులుతుంది.

రంగు కోసమైతే ఒక కిటుకు ఉన్నది. బంతి పసుపురంగులో ప్రధానమైన ల్యూటిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి రేకలను నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళతో అన్నం వండితే ఆశించిన వన్నె రాదు. రెండు పెద్దచెంచాల నేతిని సన్ననిసెగ మీద వెచ్చజేసి, దింపి, అందులో సన్నగా తరిగిన రేకలను ఒక పెద్దచెంచాడు వేసి పావుగంట మూతపెట్టి ఉంచాలి. ఆ నేతిని వేడి అన్నం మీదనో, పొంగలి మీదనో వడ్డిస్తే బంగారువన్నె వస్తుంది. ఇంట తీసిన వెన్నలో రేకలను కలిపి రాత్రంతా ఉంచి, చపాతీకి రాసుకొన్నా బాగుంటుంది. పసుపుకు ఇది బదులని మాత్రం అనుకోవద్దు. పసుపు రుచి పసుపుదే.

కుంకుమపువ్వుకు బదులా అంటే అదీ కాదు. దీనిని పేదవాని కుంకుమపువ్వు అనడం పాశ్చాత్యులకు పరిపాటి. కుంకుమపువ్వు సువాసనలో శతాంశం కూడ దీనికి లేదు. ఈ పోలికను ఆసరా చేసుకొని బంతిరేకలకు రంగు అద్ది కుంకుమపువ్వుగా అమ్మే మోసం కూడ లోకంలో ఉన్నది. అసలైన కుంకుమకేసరం కొస బూరవలె విచ్చుకొని ఉంటుంది. బంతిరేక చదునుగా ఉంటుంది. గోరువెచ్చని నీటిలో కాసేపు వేసి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ల్యూటిన్ అనగానే కన్ను గుర్తుకు వస్తుంది. మన కంటి రెటీనా నడుమనున్న పసుపుమచ్చలో చేరే వర్ణకాలలో ఇది ఒకటి. మన శరీరం దీనిని తయారుచేసుకోలేదు, ఆహారంలోంచే రావాలి. కోడి కూడ అంతే. మేతలో బంతిరేకల సారం కలిపితే కోడిగుడ్డు సొన నిండుపసుపుకు తిరుగుతుంది. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ పొలాలలో పరిశ్రమల కోసం పండించే బంతి కారుచౌకగా దండలకు పోదు. దానిని పులియబెట్టి, ఎండబెట్టి, ద్రావకంతో సారం పిండి, మేతలోకీ మందుబిళ్ళలలోకీ ఎగుమతి చేస్తారు. ఆ విధంగా బంతిని ఎన్నడూ కొరికి చూడనివారు కూడ కోడిగుడ్డు రూపంలో దానిని ఎప్పుడో తినే ఉంటారు.

అంత మాత్రాన చెంచాడు రేకలు తిని కళ్ళజోడు తీసివేయవచ్చునని ఎవరూ ఆశపడనక్కరలేదు. వయసుతో వచ్చే పసుపుమచ్చ క్షీణతపై అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. రోజుకు 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంతిన్ చేర్చినందువల్ల, అప్పటికే ఇస్తున్న విటమినుల మిశ్రమానికి మించిన మేలు మొత్తం మీద కనిపించలేదు. ఆ మిశ్రమంలోని బీటా కెరోటిన్ పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది కనుక, దానికి బదులుగా ల్యూటిన్ మేలైనదని తేలింది. ల్యూటిన్ కోరేవారికి పాలకూర, తోటకూర, మునగాకు ఎటూ ఉన్నవి. అవి గుప్పెడేసి తినవచ్చు. బంతిని అలా తినలేము.

ఎవరు తినకూడదు? వయ్యారిభామ మొక్క తగిలితే ఒళ్ళు దద్దురులెక్కేవారూ, చేమంతి వాసనకు తుమ్ములు పట్టేవారూ ముందుగా తప్పుకోవాలి. బంతి, చేమంతి, వయ్యారిభామ ఒకే కుటుంబంలోనివి. ఒకదానిని సహించని ఒళ్ళు మరొకదానిని సహించకపోవచ్చు. గర్భవతులకూ, పసిపిల్లలకూ కొత్తరుచులు పరీక్షించే సమయం కాదు. బంతిరసాన్ని మందుగా తాగమనే చిట్కాలు వినిపిస్తూ ఉంటాయి. వంటలో చల్లే చిటికెడు వేరు, గ్లాసుడు రసం వేరు. తక్కినవారు కూడ మొదటిసారి రెండు మూడు రేకలే తిని, ఒకరోజు ఆగి చూడడం మంచిది. దినుసు ఏదైనా సరే, మన పెద్దలు పసివానికి తొలిసారి పెట్టేటప్పుడు చేసేది ఇదే గదా.

పూత ముమ్మరంగా ఉన్నప్పుడు తినలేనన్ని పూలు వచ్చిపడతాయి. వాటిని కోయకుండా వదిలితే మొక్క విత్తనానికి పోయి పూత తగ్గిస్తుంది కనుక కోస్తూనే ఉండాలి. మిగిలిన రేకలను పలచటి గుడ్డ మీద పరిచి, గాలి ఆడే నీడలో నాలుగైదు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే వన్నె వెలిసిపోతుంది. గలగలలాడేలా ఎండాక పొడిచేసి, గాజుసీసాలో వేసి చీకటి అరలో ఉంచితే కొన్ని నెలలు ఉంటుంది. వెల్లుల్లి, ధనియాలపొడి, ఉప్పుతో కలిపితే జార్జియావారి పొడికి దగ్గరిది తయారవుతుంది. ఉడికించిన బంగాళాదుంపకు అది బాగా నప్పుతుంది.

పూతకాలం ముగిసే వేళ ప్రతి రకానికీ బలమైన మొక్కలు రెండు ఎంచి, వాటి పూలను కోయకుండా చెట్టు మీదనే ఎండనివ్వాలి. తల గోధుమరంగుకు తిరిగి, వేళ్ళతో నొక్కితే సూదులు రాలేటప్పుడు తెంపి, కాగితపు పొట్లంలో పేరూ నెలా రాసి దాచుకోవాలి. సంకరజాతి విత్తనం నుంచి వచ్చిన మొక్కకు తల్లిపోలిక రాకపోవచ్చు. మరీ ముద్దగా పూసే రకాలలో విత్తనం తక్కువగా పడుతుంది. రెక్కబంతిలో, సిగ్నెట్ బంతిలో ఈ బాధలు తక్కువ. ఒక్క పొట్లం విత్తనం వచ్చే జూన్‌లో నాలుగిళ్ళవారికి పంచగా కూడ మిగులుతుంది.